గేటు పిన్నీ, నాలుగు నిమిషాలూ

గేటు పిన్ని ఇరవై రెండేళ్లుగా సినిమా హాల్లో పనిచేస్తోంది కానీ ఒక్క సినిమా కూడా చూడలేదట. ఆ వీధిలో ఎవరిని కదిపినా ఈ మాట చెబుతారు. ఎందుకు చూడలేదన్న దగ్గర మాత్రం ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన ఉండదు. వయసులో ఉండగా ఎవరినో ఇష్టపడిందట, అతను సినిమాల్లో వేషాలు వేస్తానని వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదట, ఆ రోజు నుంచి తెర వంక చూడనని ఒట్టు పెట్టుకుందట. ఇది సైకిల్ స్టాండు వాళ్ల కథ. అదేం కాదు, మిఠాయి కొట్టువాడికి తీపి సయించనట్టు ఆవిడకి సినిమాలంటే మొహం మొత్తిందని టీ కొట్టతను అంటాడు. ఇంకో కథ ప్రకారం, పనిలో చేరిన మొదటి రోజే దెయ్యం సినిమా చూసి జడుసుకుంది.

ఒక్కటి మాత్రం అందరూ కళ్లారా చూసిందే. ఆట నడుస్తున్నంతసేపూ పిన్ని పెద్ద తలుపు పక్కన స్టూలు వేసుకుని, తెరకి వీపు పెట్టి కూచుంటుంది. జనం నవ్వితే నవ్వుతుంది. జనం ముక్కులు చీదితే కొంగు సవరించుకుంటుంది. తెర మీద ఇళ్లు కూలుతున్నా గుర్రాలు దూకుతున్నా తల తిప్పదు.

ఈ కథలన్నీ పిన్ని చెవిన పడుతూనే ఉంటాయి. కాదనదు, అవుననదు.

"వాళ్లకీ పొద్దుపోవాలిగా," అంటుంది.

ఆవిడ అక్క కూతురు మాత్రం ఈ సంగతిని అలా వదిలెయ్యలేకపోయింది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి పిన్ని దగ్గరికి వచ్చిన పిల్ల ఆమె. ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. హాలుకి ఎదురుగా ఉన్న టైలరు షాపులో హుక్కులు, కాజాలు, గుండీలు కుడుతుంది. నలుగురిలో మాట్లాడాలంటే నోరు పెగిలేది కాదు. అందుకని నోరు చెయ్యాల్సిన పని కూడా కళ్లకే అప్పజెప్పింది. ఎవరి చొక్కాకి ఏ గుండీ ముందు ఊడుతుందో, ఎవరు అబద్ధం చెప్పేముందు మెడ గోక్కుంటారో ఆమెకి తెలుసు. ఐదేళ్లుగా ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకుంటున్న పిన్ని మాత్రం అంతుపట్టలేదు. ఇంట్లో టీవీ ఎందుకు లేదంటే, "రేడియో ఉందిగా," అంటుంది. ఎదురుగా వస్తున్న మనిషిని తనంతట తను పలకరించదు. వాళ్లు పలకరించారో, గొంతు వినగానే ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడుగుతుంది. టిక్కెట్టు చింపేముందు ముక్కు దాకా తెచ్చుకుంటుంది. "నిన్నటి టిక్కెట్టయితే పిన్ని వాసన పట్టేస్తుంది," అని జనం నవ్వుకునేవారు. నిజంగా పట్టేసేది కూడా.

టైలరు షాపులో పేరుకి కత్తిరించేది బట్టలే. సాయంత్రం నాలుగు దాటాక కత్తెర పడేది సినిమాల మీద. టైలరు మాస్టారు మెడలో టేపు వేసుకుని తీర్పులు చెప్పేవాడు. ఎదురు బల్ల మీద మోటారు మెకానిక్ కూచునేవాడు. ఏ సినిమా అయినా మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే ముద్ద దిగదు కనక అతన్ని అందరూ ఫస్ట్ షో అనేవారు.

"తప్పు లేని సినిమా అంటూ లోకంలో ఒకటుంటే అది అదే," అనేవాడు ఫస్ట్ షో. "మిగతావన్నీ దానికి దూరపు చుట్టాలు."

"చొక్కా తిరగేసి చూడాలోయ్," అనేవాడు మాస్టారు. "పైకి ఎవడైనా బాగానే కుడతాడు. లోపలివైపు కూడా ఒక్క పోగు కనపడకుండా కుట్టినవాడే పనివాడు. ఆ సినిమాని ఎటు తిరగేసినా పోగు దొరకదు."

వాళ్లు అంతగా పొగిడే సినిమా ఇరవై రెండేళ్ల కిందటిది. దానికో పేరు ఉంది కానీ షాపులో ఎవరూ వాడరు. 'మొదటిది' అంటారు, అంతే. గడియారాలు బాగుచేసే అన్నదమ్ముల కథ. తండ్రి వదిలిపోయిన కొట్టు దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరుగుతుంది. చివరికి తమ్ముడు కొట్టు తాళంచెవి గడప మీద పెట్టి, చేతిలో ఉన్న లాంతరు ఉఫ్‌మని ఊది ఆర్పేసి, చీకట్లో కలిసిపోతాడు. మ్యూజిక్ ఆగిపోతుంది. హాలు తలుపులు తెరుచుకుంటాయి. జనం కళ్లు తుడుచుకుంటూ వెలుగులోకి వస్తారు. ఆ హాల్లో వంద రోజులు ఆడింది. ఫస్ట్ షో ముప్ఫై ఒక్కసార్లు చూశాడు.

"కౌగిలింతల్లేవు, కన్నీళ్లు తుడవడాల్లేవు," అనేవాడు. "ఊదాడు, ఆర్పాడు, పోయాడు. అదీ దమ్మంటే!"

ఆరేళ్ల తర్వాత 'రెండోది' వచ్చింది. అందులో మొదటి సీన్లోనే అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూచుని గడియారాలు బాగుచేస్తుంటారు. ఎలా కలిశారో, ఎప్పుడు కలిశారో ముక్క చెప్పరు. జనం తెల్లబోయారు. కుర్చీలు విరిగాయి. నాలుగో రోజుకి తీసేశారు.

"కొలతలు తియ్యకుండా పక్కింటాయన చొక్కా చూసి కుట్టినట్టుంది," అని మాస్టారి తీర్పు.

"చొక్కా ఎక్కడిది మాస్టారూ? అది దిండు గలేబు," అనేవాడు ఫస్ట్ షో.

ఈ తీర్పుకి ఎదురు చెప్పే మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడే. రెండు షట్టర్ల అవతల కళ్లద్దాల షాపు ఆయన. వేరే ఊరి నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. వచ్చిన కొత్తలోనే టైలరు షాపులో నిలబడి, రెండోది బాగానే ఉంది కదండీ అన్నాడు. అందరూ ఒక్కసారిగా మీద పడితే, అయోమయంగా చూసి, "అదేమిటి, మొదటి దాంట్లో లాంతరు ఆరిపోయాక ఇంకో నాలుగు నిమిషాలుందిగా? అన్న వచ్చి అగ్గిపుల్ల గీస్తాడుగా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకి అసలు పేరు పోయింది. నాలుగు నిమిషాలాయన అయ్యాడు.

"ఏం నాలుగు నిమిషాలూ, రాత్రి కలలో ఇంకేమైనా సినిమాలు పొడిగించావా?" అనేవాడు ఫస్ట్ షో.

"నేను చూశానండీ. మా ఊళ్లో చూశాను," అనేవాడు ఆయన, తన అద్దాలు తనే తీసి తుడుచుకుంటూ.

"ముప్ఫై ఒక్కసార్లు చూసిన నాకు కనపడంది ఒక్కసారి చూసిన నీకు కనపడిందా? నీ అద్దాలు ముందు నువ్వు మార్చు."

తేల్చుకునే దారి లేదు. నిర్మాత పోయాక వారసులు కోర్టుకెక్కారు. ఆ సినిమా టీవీలో రాదు. ఫోనుల్లో దొరికే ముక్కలన్నీ పాటలూ పోట్లాటలూనే. ఎనిమిదేళ్లు ఆయన నవ్వులపాలవుతూనే ఉన్నాడు. అయినా నాలుగు నిమిషాల్లో అర నిమిషం కూడా తగ్గించలేదు. అబద్ధమాడేవాడు రోజుకో రకంగా చెబుతాడు కదా అని అమ్మాయి కాజా కుడుతూ అనుకునేది. ఈయన ఎప్పుడు చెప్పినా అగ్గిపుల్ల ఎడమ చేత్తోనే గీయించేవాడు.

ఇలా ఉండగా కోర్టు గొడవ తెగిపోయింది. మొదటిది మళ్లీ విడుదల చేస్తున్నారని, ఆదివారం ఉదయం పది గంటల ఆటగా వేస్తున్నారని హాలు ముందు పోస్టరు పడింది. షాపులో పండగే పండగ.

"పందెం!" అన్నాడు ఫస్ట్ షో, బల్ల మీద చరిచి. "నీ నాలుగు నిమిషాలు లేవనుకో, ఈ గుమ్మంలో నిలబడి రెండోది చెత్త అని మూడుసార్లు అరవాలి. మళ్లీ ఈ షాపులో సినిమా మాట ఎత్తకూడదు."

"ఉంటే?"

"ఉంటే నన్ను బతికున్నన్నాళ్లూ లాస్ట్ షో అని పిలుచుకోండి."

నాలుగు నిమిషాలాయన సరేనన్నాడు. సూది వేలికి గుచ్చుకుంది అమ్మాయికి. ఎందుకో ఆయన ఓడిపోకూడదనిపించింది. అంతకంటే ఎక్కువగా, అసలేం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. ఒకే సినిమా రెండు ఊళ్లలో రెండు రకాలుగా ఎలా అయిపోతుంది?

ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ పిన్నిని అడిగింది.

"పిన్నీ, మొదటిది ఎలా అయిపోతుంది?"

"మ్యూజిక్ ఆగిపోతుంది," అంది పిన్ని. "వయొలిన్లు ఒక్కొక్కటే తగ్గుతూ తగ్గుతూ వస్తాయి. ఆఖరిది ఆగగానే తలుపు తీస్తాను."

"తెర మీద ఏముంటుంది?"

"ఏముంటుంది, చీకటి." బియ్యపు గింజని కంటి దగ్గరికి తెచ్చి చూసి, రాయి కాదని పళ్లెంలో వేసింది. "ఆ సినిమాకి జనం కుర్చీల్లోంచి చప్పుడు లేకుండా లేచేవాళ్లే. పట్టపగలు మ్యాట్నీ వదిలినా వీధిలో ఒక్కడు ఈల వేసేవాడు కాదు."

మర్నాడు నాలుగు నిమిషాలాయన ప్యాంటు పొట్టి చేసింది ఇవ్వడానికి అమ్మాయి కళ్లద్దాల షాపుకి వెళ్లింది. ప్యాంటు బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది. ఆయన తలెత్తి చూశాడు.

"ఏమ్మా, ఇంకేమైనా ఇవ్వాలా?"

"ఆ నాలుగు నిమిషాల్లో మ్యూజిక్ ఉంటుందా అండీ?" అంది ఒక్క గుక్కలో. పరాయి మనిషితో ఆమె ఎప్పుడూ అంత పొడుగు మాట మాట్లాడలేదు.

ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న వెక్కిరింపు లేకుండా అడిగిన మొదటి మనిషి ఆమే. ఆయన చేతిలో అద్దం కింద పెట్టేశాడు.

"ఉండదు. అదే గొప్ప. మ్యూజిక్ లేదు, మాట లేదు. మొత్తం చీకటి. ఓ పది సెకన్లు చీకటే. తర్వాత అన్న అగ్గిపుల్ల గీస్తాడు. అంత పెద్ద తెర మీద అరచెయ్యంత వెలుగు. తాళంచెవి తీసుకుని మెట్లు దిగి, తమ్ముడు కూచున్న చోట పక్కన కూచుంటాడు. పుల్ల ఆరిపోతే ఇంకోటి గీస్తాడు. అంతే. హాల్లో ఎవరైనా తలుపు సందు తెరిచినా ఆ వెలుగు కనపడదమ్మా. అంత సన్నం."

తలుపు అన్న మాట దగ్గర అమ్మాయికి, ఆఖరిది ఆగగానే తలుపు తీస్తానన్న పిన్ని మాట గుర్తొచ్చింది.

ఇంటికెళ్లి ఊరుకోలేకపోయింది. పిన్ని ముందు మొత్తం చెప్పేసింది. పిన్ని చేతిలో దువ్వెన పళ్లు ఒక్కొక్కటే వేలితో మీటుతూ కూచుంది.

"అప్పట్లో ఆపరేటరు గదిలోంచి గేటుకి ఓ గంట ఉండేది," అంది చివరికి. "ఆట అయిపోబోతోందనగా మోగించేవాడు. ఎలుకలు వైరు కొరికేశాయి. అందుకని మేమిద్దరం ఓ లెక్క పెట్టుకున్నాం. ఆఖరి మ్యూజిక్ ఆగగానే నేను తలుపులు తీస్తాను. తలుపులు తీసిన వెలుగు చూసి అతను లైట్లు వేసి మిషను ఆపుతాడు."

"మరి ఆ సినిమాకి..."

"మొదటి ఆట కాగానే పైనుంచి దిగొచ్చాడు. 'ఆఖర్న ఇంకా కొంచెం ఉండగానే తీసేశావేం? నాలుగు ఆటలు పట్టడానికి మేనేజరు కోసెయ్యమన్నారా?' అనడిగాడు. నేను పనిలో చేరి అప్పటికి ఇరవై రోజులు. అవునన్నాను." పిన్ని దువ్వెన పక్కన పెట్టింది. "ఒక్క మాట. అవును. అది వంద రోజులు ఆడింది."

"తర్వాత చెప్పలేకపోయావా?"

"మొదటి రోజు చెప్పలేనిది రెండో రోజు ఇంకా కష్టమే అమ్మాయ్. వందో రోజుకి ఊరంతా అదే సినిమా అంది."

"కానీ పిన్నీ, తెర నీ వెనకాలేగా. ఇంకా పేర్లు పడలేదని ఒక్కసారి తల తిప్పి చూస్తే తెలిసేదిగా? వంద రోజుల్లో ఒక్కసారైనా?"

పిన్ని లేచి రేడియో పెట్టింది.

ఆదివారం దగ్గరపడేకొద్దీ అమ్మాయికి నిద్ర తగ్గింది. ఆపరేటరు మానేసి అప్పటికి ఆరేళ్లు. ఇప్పుడు ఓ పెట్టె దానంతటదే సినిమా వేస్తుంది. హాలు లైట్ల స్విచ్చి కిందికి దించి పిన్ని స్టూలు పక్కన బిగించారు. తలుపూ పిన్ని చేతిలోనే, లైట్లూ పిన్ని చేతిలోనే. ఎప్పటిలా మ్యూజిక్ ఆగగానే లైట్లు వేసి తలుపులు తీసేస్తే నాలుగు నిమిషాలు ఆ వెలుగులో కొట్టుకుపోతాయి. ఎవరికీ ఏమీ తెలియదు. ఓ పెద్దమనిషి గుమ్మంలో నిలబడి మూడుసార్లు అరుస్తాడు, అంతే. తియ్యకపోతే, అప్పట్లో ఆ నాలుగు నిమిషాలూ కోసిందెవరని ఊరు అడుగుతుంది. అడిగితే ఒక్కరే ఉన్నారు.

ఆ మధ్యే మేనేజరు పిన్నిని పిలిచి, టిక్కెట్టు చూపిస్తే తనంతట తనే తెరుచుకునే గేటు బొమ్మ ఒకటి కాగితం మీద చూపించాడు. "యజమాని పెట్టెయ్యమంటున్నారు. ఇన్నేళ్లలో నీ మీద ఒక్క మాట రాలేదు కనక నేనే అడ్డుపడుతున్నాను. ఒక్కటి వచ్చిందా, ఇక నేనేం చెప్పలేను," అన్నాడు. ఇంటికొచ్చి పిన్ని ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది. చెప్పి, "గేటు పోతే నేను ఉత్త పిన్నినే," అంది. ఆ మాటకి మాత్రం నవ్వలేదు.

ఆదివారం ఉదయం హాలు కిక్కిరిసింది. ఫస్ట్ షో ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏకంగా ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చాడు. మాస్టారు మెడలో టేపు తియ్యడం మర్చిపోయాడు. నాలుగు నిమిషాలాయన గోడవార కుర్చీలో ఒక్కడే కూచున్నాడు.

"ఏం నాలుగు నిమిషాలూ, అరవడానికి గొంతు సవరించుకున్నావా?" అన్నాడు ఫస్ట్ షో, ముందు వరసలకి కూడా వినపడేలా.

పిన్ని అమ్మాయిని పిలిచి తన స్టూలు పక్కన నిలబెట్టుకుంది. టిక్కెట్ల చింపులు డబ్బాలో వేసి తలుపులు మూసింది. ఎప్పటిలాగే తెరకి వీపు పెట్టి కూచుంది.

అమ్మాయికి సినిమా పట్టలేదు. తెర మీద గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి, అన్నదమ్ములు అరుచుకుంటున్నారు, జనం డైలాగులు ముందే చెప్పేస్తున్నారు. ఆమె పిన్ని చేతులే చూస్తోంది. తమ్ముడు తాళంచెవి గడప మీద పెట్టాడు. వయొలిన్లు మొదలయ్యాయి. పిన్ని లేచి నిలబడింది. ఒక చెయ్యి గడియ మీద, ఒక చెయ్యి స్విచ్చి మీద. వయొలిన్లు ఒక్కొక్కటే తగ్గాయి. లాంతరు ఆరింది. ఆఖరి వయొలిన్ ఆగింది.

హాలంతా చప్పట్లు. ఫస్ట్ షో లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల కిందటి అలవాటు మీద సగం హాలు లేచింది.

తలుపు తెరుచుకోలేదు.

"పిన్నీ! తలుపు!" అన్నారెవరో.

"నిద్రపోయావా పిన్నీ? లైట్లెయ్యి!"

పిన్ని గడియ మీంచి చెయ్యి తీసేసింది. స్విచ్చి మీంచి కూడా తీసింది.

"కూచోండి," అంది. హాలంతా వినపడింది. "ఇంకా అవ్వలేదు."

ఆ చీకట్లో తెర మీద అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఎడమ చేత్తో. అరచెయ్యంత వెలుగు. లేచినవాళ్లు లేచినట్టే నిలబడిపోయారు. ఆ తర్వాత ఒక్కొక్కరే, కుర్చీ చప్పుడు కాకుండా కూచున్నారు.

పిన్ని అప్పుడు తెర వైపు తిరిగింది. అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇరవై రెండేళ్ల తర్వాత పిన్ని తను ముగించేసిన సినిమా వంక చూస్తోంది. కళ్లు చిట్లించింది. మెడ ముందుకి చాపింది. కాసేపు అలాగే చూసి, అమ్మాయి చెవి దగ్గరికి వంగి, గుసగుసగా అడిగింది.

"ఏం జరుగుతోందే?"

అమ్మాయి గతుక్కుమంది. పిన్ని మొహం వంక చూసింది. వేళాకోళం కాదు. టిక్కెట్టు, బియ్యపు గింజ, వీధిలో పలకరింపు అన్నీ ఒక్కసారి వరసకట్టి కళ్లముందు నిలబడ్డాయి. పిన్ని చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పడం మొదలుపెట్టింది.

"అన్న తాళంచెవి తీశాడు. మెట్లు దిగుతున్నాడు. పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. తమ్ముడు అక్కడే ఉన్నాడు పిన్నీ, ఎక్కడికీ పోలేదు. కింది మెట్టు మీద కూచునున్నాడు. అన్న పక్కన కూచున్నాడు."

"మాట్లాడుకున్నారా?"

"లేదు. తాళంచెవి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఎవరూ తియ్యట్లేదు."

"ఊఁ," అంది పిన్ని.

పుల్ల ఆరింది. పేర్లు పడ్డాయి. అప్పుడు పిన్ని లైట్లు వేసి తలుపులు తీసింది.

వీధిలోకి వచ్చిన జనం ఎవరి దారిన వాళ్లు పోలేదు. హాలు మెట్ల మీదే మూగారు.

"చెడగొట్టారు!" అన్నాడు ఫస్ట్ షో, కళ్లు తుడుచుకుంటూనే. "ముప్ఫై ఒక్కసార్లు చూశాను, ఒక్క వంక దొరకలేదు. ఇప్పుడు దొరికింది. అక్కడే ఆపెయ్యాల్సింది!"

"అక్కడ ఆపితే రెండోది అర్థం కాదండీ, లాస్ట్ షో గారూ," అన్నాడు నాలుగు నిమిషాలాయన మెత్తగా.

జనం గొల్లుమన్నారు. ఫస్ట్ షో కూడా నవ్వాపుకోలేకపోయాడు. "సరే బాబూ, ఒప్పుకున్నా. రెండోది ఇంకోసారి చూడాలి. కానీ మొదటిది మాత్రం మా మొదటిదే గొప్ప. ఎవడో మంచి పనివాడు కత్తెరేశాడు."

"అదే నేననేది," అన్నాడు మాస్టారు, మెడలో టేపు సవరించుకుంటూ. "ఎక్కడ కత్తిరించాలో తెలిసినవాడు. పోగు కనపడలేదు చూడు. ఎవరై ఉంటారంటావ్?"

"నేనే," అంది పిన్ని.

ఎవరూ పిన్ని తలుపు బయటికి రావడం చూడలేదు. ఇప్పుడు అందరూ చూశారు. పిన్ని ఆపరేటరు అడిగిన మాటా, తను చెప్పిన అవునూ, దాచకుండా చెప్పింది. చెబుతున్నప్పుడు మేనేజరు మెట్ల పైన నిలబడి వింటున్నాడు. అమ్మాయి అతని వంకే చూసింది. అతను మెడ గోక్కున్నాడు.

"వంద రోజులు నా పేరు మీద కోసేశావా?" అన్నాడు.

"అవునండీ. రోజుకి నాలుగు ఆటలు. గేటు మీ ఇష్టం."

జనం మేనేజరు మొహంలోకి చూస్తున్నారు. అతను నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"అప్పట్లో ప్రతి రీళ్ల పెట్టెతో పాటూ సినిమా ఎంతసేపో రాసిన కాగితం వచ్చేది," అన్నాడు చివరికి. "అది నా టేబుల్లో ఉండేది. నాలుగు నిమిషాలు ముందే వదులుతున్నామని వంద రోజుల్లో నేను ఒక్కసారి చూసుకోలేదు. నేనూ అక్కడే అయిపోయిందనుకుని రోజూ ఏడ్చేవాణ్ని. నిన్ను పంపెయ్యాలంటే ముందు నేను మూటాముల్లే సర్దుకోవాలి." గొంతు సవరించుకున్నాడు. "మ్యాట్నీకి టైమవుతోంది. గేటు దగ్గరికి వెళ్లు."

"ఇరవై రెండేళ్లు పిన్ని సినిమా చూసి పిన్నికి చప్పట్లు కొట్టామన్నమాట!" అన్నాడు ఫస్ట్ షో. "అయితే పిన్నీ, మ్యాట్నీకి ఎలా? పాత పద్ధతిలో ముగిస్తావా, కొత్త పద్ధతిలోనా?"

"ఉన్నంతా చూపిస్తాను," అంది పిన్ని. "నచ్చనివాళ్లు కళ్లు మూసుకోండి."

వారం తిరక్కుండా వీధిలో పాత కథలన్నీ పోయి కొత్త కథ పుట్టింది. ఏ సినిమా ఎక్కడ అయిపోవాలో గేటు పిన్నికి ముందే తెలుసట, వీపుతో చూసి చెప్పగలదట, అందుకే తెర వైపు తిరగదట. సైకిల్ స్టాండు వాళ్లు దీనికి చెవులూ ముక్కూ కూడా పెట్టేశారు. ఆవిణ్ని ఏదో కంపెనీ వాళ్లు పిలిచారని, తనే వెళ్లనందని టీ కొట్టతను చెప్పాడు.

ఆ ఆట మర్నాడే, సోమవారం పొద్దున్న, హాలు తెరవకముందే, అమ్మాయి పిన్నిని వెంటబెట్టుకుని కళ్లద్దాల షాపుకి వెళ్లింది. నాలుగు నిమిషాలాయన షట్టరు సగం దించాడు. ఎదురుగోడ మీద అక్షరాల బోర్డు చూపించి, అన్నిటికన్నా పెద్దది చదవమన్నాడు. పిన్ని బోర్డు ఎక్కడుందని అడిగింది.

ఆయన అద్దాల పెట్టె తెరిచి, ఒక్కొక్కటే కంటి ముందు పెడుతూ, తీస్తూ, అరగంట కూచున్నాడు.

"పనిలో చేరేటప్పుడు చూపు బాగుందా అనడిగారు," అంది పిన్ని మధ్యలో, తనలో తను చెప్పుకున్నట్టు. "గేటు మనిషికి చూపే ముఖ్యమన్నారు. అవునన్నాను."

ఆయన చీటీ రాసి అమ్మాయి చేతికిచ్చాడు. రెండు కళ్లకీ మైనస్ నాలుగున్నర. పిన్నికి జానెడు దూరం దాటితే ఏదీ స్పష్టంగా కనపడదు.